ఇరవై రెండవ హైన్‌రిఖ్: 1875 నాటి 20 మార్కుల నాణెం

ప్రశ్న: జర్మనీలోని రాయిస్ సంస్థానపు 20 మార్కుల బంగారు నాణెం అంత అరుదు ఎందుకైంది? దానిమీద ఉన్న ప్రభువు ఎవరు?

జవాబు 1: గ్రైట్స్ రాజధానిగా రాయిస్ వంశపు జ్యేష్ఠ శాఖ సంస్థానాన్ని 1859 నుంచి 1902 వరకు పాలించిన ఇరవై రెండవ హైన్‌రిఖ్. ఆ వంశంలో మగపిల్లలందరికీ అదే పేరు పెట్టి వరుస సంఖ్యతో గుర్తించేవారు కనుక, గద్దె ఎక్కనివారికీ అంకె ఉండేది. 1866లో ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య జరిగిన యుద్ధంలో ఆస్ట్రియా పక్షం వహించి, ఆ తరువాత కూడా ప్రష్యాకు కొరకరాని కొయ్యగా మిగిలిన ఈయన నాణేనికి వెనుకవైపు ప్రష్యా నాయకత్వంలోని జర్మన్ సామ్రాజ్య గరుడముద్ర ఉండడం చిత్రమే.

జవాబు 2: సంస్థానం చిన్నది, హానోవర్ టంకశాలలో ముద్రించినవి 1,510 మాత్రమే.

జవాబు 3: కొనదలిస్తే 7.965 గ్రాముల బరువు, 22.5 మిల్లీమీటర్ల వ్యాసం, హానోవర్‌ను సూచించే ‘బి’ గుర్తు చూడండి. అయితే బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని నమ్మకుండా నిపుణులకు చూపించడం మేలు.