బరంపురం నుంచి కారులో భువనేశ్వర్, రఘురాజపూర్: ఏది ముందు?

ప్రశ్న: ఆది, సోమవారాలు సెలవు. అమ్మానాన్నలతో మ్యూజియంలు, గుడ్డ మీద గీసే పటచిత్రాలు చూడాలి. పటం కొంటే పాడవకుండా ఎలా తేవాలండి?

జవాబు: సోమవారం భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియం, కళాభూమి (హస్తకళల మ్యూజియం) రెండూ మూసేస్తారండి. కాబట్టి ఆదివారమే భువనేశ్వర్. 16వ నంబరు హైవే మీద సుమారు 170 కిలోమీటర్లు, తెల్లారకముందే బయల్దేరండి. రాష్ట్ర మ్యూజియంలో తాళపత్రాల గది ముందు చూడండి, పెద్దవాళ్ళు అలసిపోకముందే. గంటంతో గీసిన సన్నగీతలకు ఓపిక కావాలి. రఘురాజపూర్‌లో చిత్రకారుల ఇళ్ళే గ్యాలరీలు, అది సోమవారానికి పెట్టుకోండి. పూరీ దారిలో చందన్‌పూర్ దగ్గర తిరగాలి.

ఇంకో జవాబు: బుగుడ బిరంచినారాయణ గుడి గోడల మీద రామాయణ చిత్రాలు మన గంజాం జిల్లాలోనే ఉన్నాయి. వాటిని ఈ రెండు రోజుల్లో ఇరికించకండి, ఇంకో ఆదివారం తీరిగ్గా వెళ్ళండి.

పటం సంగతి: గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దపొడి పూత వేసి దాని మీద రంగులేస్తారు. మడిచారా, ఆ పూత పగిలి రంగు పెచ్చులూడుతుంది. బొమ్మ బయటివైపు ఉండేలా లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టి, పైన బటర్ పేపర్ వేయండి. తాళపత్ర చిత్రమైతే దారంతో కుట్టిన చోటే మడవాలి. ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం వదలొద్దు, బొమ్మ పైన పూసిన లక్క మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది.