సర్వర్ రిలీజ్‌కి ఐదేళ్ల సపోర్ట్ సరిపోతుందా, పదేళ్లు ఉండాలా?

పాతసర్వర్:
లినక్స్ డిస్ట్రోలు (కెర్నల్‌కి మిగతా సాఫ్ట్‌వేర్ కలిపి ఇచ్చే కట్టలు) ఒక్కో రిలీజ్‌కి ఎన్నాళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తాయో చూడండి. ఉబుంటు ఎల్‌టీఎస్‌కి (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే రిలీజ్) 5 ఏళ్లు. డెబియన్‌కి 3, ఆపైన ఎల్‌టీఎస్ బృందం చూసే 2 కలిపితే అదీ 5. ఫెడోరాకి దాదాపు 13 నెలలు. రెడ్ హ్యాట్ 10 ఏళ్లు ఇస్తుంది కానీ చందా కట్టాలి. నేననేది ఏంటంటే, సర్వర్ల మీద వాడమని చెప్పే ఏ డిస్ట్రో అయినా 10 ఏళ్లు ఉచితంగా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వాల్సిందే. ఒకసారి పెట్టి, నడుస్తున్న మెషిన్‌ని ఎవరూ కదపరు. ఆ సంగతి తెలిసీ ఐదేళ్లకే చేతులు దులుపుకుంటే, నెట్‌కి తెరిచి ఉన్న ఆ పాత మెషిన్ల పాపం ఎవరిది?

ప్యాచ్‌పని:
పాపం సంగతి తర్వాత చూద్దాం, పని ఎవరిదో ముందు చెప్పండి. ఉబుంటు 20.04లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో వెళ్లే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే లైబ్రరీ) 1.1.1ఎఫ్. అది రాసినవాళ్లే 1.1.1 వరుసకి ఉచిత ప్యాచ్‌లు 2023 సెప్టెంబరులో ఆపేశారు. 20.04 మామూలు గడువేమో 2025 దాకా ఉండింది. ఈ మధ్యలో లొసుగు బయటపడితే ఫిక్స్ వచ్చేది 3.x కోడ్‌కి. పాత కోడ్‌లో ఆ ఫంక్షన్ పేరు వేరు, ఉన్న ఫైలు వేరు, అది పిలిచే హెల్పర్ అసలు ఉండకపోవచ్చు. అవన్నీ వెతికి, లేనిది రాసి, ఏబీఐ (మిగతా ప్రోగ్రామ్‌లు లైబ్రరీతో కలిసే తీరు) చెడకుండా అతికించాలి. రిలీజ్ ముసలిదయ్యేకొద్దీ ఇది అతికించడం కాదు, తిరగరాయడమే. పొరపాటున కొత్త లొసుగు పెట్టామా, తిట్లు మాకే. ఇదంతా ఒక్క లైబ్రరీకి. అలాంటివి వేలల్లో ఉన్నాయి. జీతం లేని మెయింటెయినర్ చేత పదేళ్లు ఉచితంగా ఇప్పిస్తాననడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది, ఏమనుకోకండి.

కొత్తకెర్నల్:
+1. లినక్స్ కెర్నల్ వాళ్లే 2023లో ఎల్‌టీఎస్ గడువుని ఆరేళ్ల నుంచి రెండేళ్లకి దించుతామన్నారు. అంత పాతవి వాడేవాళ్లు పెద్దగా లేరని కూడా చెప్పారు. ఓపెన్‌బీఎస్‌డీ చూడండి: ఆరు నెలలకో రిలీజ్, చివరి రెండింటికే ప్యాచ్‌లు. అంటే ఒక్క ఏడాది. అలవాటైతే అప్‌గ్రేడ్ అరగంట పని. పదేళ్లు ఆగి చేస్తే డేటాబేస్, పీహెచ్‌పీ, పైథాన్ అన్నీ ఒకేసారి విరుగుతాయి. గడువు పొడిగిస్తే ఆ రోజు వాయిదా పడుతుందే గానీ తప్పదు.

పాతసర్వర్:
కొత్తదైతే భద్రం అనుకుంటున్నారా? 2024 మార్చిలో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1లో బ్యాక్‌డోర్ (ఎవరో కావాలని పెట్టిన దొంగదారి) దొరికింది. అది దూరింది డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్ లాంటి, ఇంకా తయారవుతున్న వర్షన్లలోకి. స్టేబుల్‌ని తాకనేలేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లొసుగు కూడా అంతే. డెబియన్‌లో అప్పటి స్టేబుల్ వీజీకి తగిలింది, దానికన్నా పాతదైన స్క్వీజ్‌లో 0.9.8 ఉండబట్టి బతికిపోయింది.

కొత్తకెర్నల్:
ఎక్స్‌జెడ్ ఎలా దొరికిందో కూడా చెప్పండి మరి! డెబియన్ అన్‌స్టేబుల్ మీద పనిచేస్తున్న ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వాడు. అందరూ మీలాగే పాతది పట్టుకు కూర్చుంటే అది నేరుగా మీ తర్వాతి స్టేబుల్‌లోకి వచ్చేది.

బోర్డులబాబు:
ఇద్దరూ సర్వర్ల దగ్గరే ఆగిపోయారు. ఫ్యాక్టరీ కంట్రోలర్లు, రైలు సిగ్నల్ పెట్టెలు ఆరు నెలలకోసారి అప్‌గ్రేడ్ చేసేవి కావు. మార్చిన ప్రతిసారీ మళ్లీ పరీక్షలు, సర్టిఫికేషన్. అందుకే సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ అనే ప్రాజెక్టులో కంపెనీలు డబ్బు పెట్టి కొన్ని కెర్నళ్లని పదేళ్లకి పైగా చూసుకుంటున్నాయి. అంటే పదేళ్లు సాధ్యమే, ఉచితంగా మాత్రం కాదు.

ఇంకోటి, కొన్ని ఫిక్స్‌లు బ్యాక్‌పోర్ట్‌కి (కొత్త ఫిక్స్‌ని పాత కోడ్‌కి అతికించడానికి) లొంగవు. 32 బిట్ మెషిన్లలో టైమ్ 2038 జనవరిలో పొంగి వెనక్కి తిరుగుతుంది కదా. డెబియన్ 13లో ఐ386 (పాత ఇంటెల్ తరహా పీసీలది) తప్ప మిగతా 32 బిట్ ఆర్కిటెక్చర్లకి 64 బిట్ టైమ్ తెచ్చారు, దానికోసం బోలెడు లైబ్రరీలు మళ్లీ బిల్డ్ చేశారు. ఏబీఐ మారే అలాంటి పని పాత రిలీజ్‌లో ఎవరూ చేయరు, ఎన్నేళ్ల సపోర్ట్ ఉన్నా.

రాత్రిడ్యూటీ:
నాకు ఐదో పదో పెద్ద తేడా లేదు, చెప్పిన తేదీ నిలబడితే చాలు. రెడ్ హ్యాట్‌కి ఉచిత రూపమైన సెంటోస్ 8 వచ్చింది 2019 సెప్టెంబరులో, 2029 దాకా ఉంటుందని అందరూ ప్లాన్లు వేసుకున్నారు. 2020 డిసెంబరులో, వచ్చే ఏడాది చివరికి ఆపేస్తున్నాం అన్నారు. సెంటోస్ 7 మాత్రం 2024 జూన్ దాకా నడిచింది. ఎప్పటికప్పుడు అప్‌గ్రేడ్ చేయమనే మీలాంటివాళ్ల మాట విని 8కి ముందే మారినవాళ్లు ఇరుక్కున్నారు, కదలనివాళ్లు హాయిగా ఉన్నారు. దీనికేమంటారు, కొత్తకెర్నల్ గారూ?

కొత్తకెర్నల్:
అది రెడ్ హ్యాట్ కంపెనీ నిర్ణయం, అప్‌గ్రేడ్ తప్పు కాదు. కానీ మీరన్నది నిజమే, ఆ తర్వాత పదేళ్ల మాట ఎవరు చెప్పినా నమ్మబుద్ధి కావట్లేదు.

ప్యాచ్‌పని:
అసలు ఆ అంకె దేనికి వర్తిస్తుందో ఎంతమంది చూశారు? ఉబుంటు చెప్పే 5 ఏళ్లు మెయిన్ రిపోకి (ముఖ్యమైన ప్యాకేజీల గిడ్డంగి). మిగతావి ఉండే యూనివర్స్ రిపో దానికన్నా ఎంతో పెద్దది, దాని ప్యాచ్‌లకి ఉబుంటు కంపెనీ కానానికల్ పూచీ కావాలంటే ఉబుంటు ప్రో చందా పెట్టుకోవాలి. సొంతానికైతే 5 మెషిన్ల దాకా ఉచితం. డెబియన్‌లో డెబియన్-సెక్యూరిటీ-సపోర్ట్ అనే ప్యాకేజీ వేసుకుని చెక్-సపోర్ట్-స్టేటస్ అనే కమాండ్ నడిపి చూడండి. మీ మెషిన్‌లో ఉన్నవాటిలో దేనికి సపోర్ట్ అయిపోయింది, దేనికి పరిమితం అన్నది పేరుపేరునా చెబుతుంది. రిలీజ్ గడువు ఇంకా ఉండగానే! ఐదేళ్లన్నారు కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు ముందు అది చూసి రండి.

నన్నడిగితే కెర్నల్, లిబ్‌సి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, ఎస్‌ఎస్‌హెచ్ లాంటి పునాదికి 5 ఏళ్లు గట్టిగా ఇవ్వాలి. మిగతావాటికి రెండో మూడో, ఏది ఎప్పటిదాకా అన్నది ఇన్‌స్టాల్ చేసేటప్పుడే చెప్పాలి.

పాతసర్వర్:
పునాదికి మాత్రమే అయితే 10 ఏళ్లు ఎందుకు కుదరదు? అడుగుతున్నది గుప్పెడు ప్యాకేజీలే కదా.

ప్యాచ్‌పని:
కుదురుతుంది, డబ్బు కట్టేవాళ్లుంటే. డెబియన్‌కి ఫ్రీక్సియన్ అనే కంపెనీ వాళ్లు పదేళ్ల దాకా చేస్తున్నది అదే. కావలసినవాళ్లు తాము వాడే ప్యాకేజీల జాబితా ఇచ్చి కడతారు, వాళ్లు వాటిని చూస్తారు. మీ గుప్పెడు జాబితా ఇక్కడ పెట్టండి, ఎంతమంది కడతారో చూద్దాం.