లండన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: గ్రీన్‌లాండ్ మంచు కనిపించాలంటే ఏ వైపు సీటు?

అందరికీ నమస్కారమండీ. జూన్‌లో అమ్మను తీసుకుని హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్తున్నాను. లండన్ వరకు బెంగ లేదు, నా ఆశంతా ఆ తర్వాతి 11 గంటల మీదే. పగలు బయల్దేరి సూర్యుడితో పాటే పడమరకు పోతాం కాబట్టి దారంతా వెలుగే. అమ్మ ఇంతవరకు ఒక్క మంచుకొండ కూడా చూడలేదు. టీవీలో హిమాలయాలు వస్తే వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి నిలబడిపోతుంది.

ఎండ ఎక్కువగా ఎడమవైపు నుంచే పడుతుంది కాబట్టి కుడివైపు కిటికీ మేలని నా లెక్క. గాలులను బట్టి విమానం దారి రోజూ మారుతుందని తెలుసు. అయినా ఈ దారిలో వెళ్లినవాళ్లు ఏ వైపు కూర్చున్నారో, హిమానీనదాలు సముద్రంలోకి దిగే చోటు కనిపించిందో లేదో చెప్పగలరా?

ఇంకో సంగతి. పోయినసారి అదనంగా డబ్బు కట్టి విండో సీటు తీసుకుంటే, పక్కన కిటికీ లేదు, ఉత్త గోడ! అమ్మకు అలా జరగకూడదు. రెక్కకు ముందు సీట్లు ఖరీదెక్కువ, అందుకే బాగా వెనక వరసలు చూస్తున్నాను. ఇంజిన్ వేడిగాలికి అక్కడి నుంచి దృశ్యం అలలు అలలుగా మసకబారుతుందా?

బోయింగ్ 787 అయితే కిటికీలకు తెర ఉండదు, సిబ్బందే అద్దాలన్నీ ఒకేసారి నల్లబరచగలరు. గ్రీన్‌లాండ్ వచ్చినప్పుడు కాసేపు మా కిటికీ తెరవమంటే ఒప్పుకుంటారా?