అప్‌డేట్: మా బడి పిల్లల బొంత పూర్తయింది

పోయిన నెల మిమ్మల్ని అడిగాను కదా: వరంగల్‌లో మా ఐదో తరగతి పిల్లలు ఇంటికో గుడ్డముక్క తెచ్చి బొంత కుడుతుంటే ముడతలు పడుతున్నాయి, లంబాడా అద్దాల ముక్క బరువుకు పక్క ముక్క చిరుగుతోంది, ఏం చేయాలని.

మీరు చెప్పినట్టే ముక్కలన్నీ ముందు విడివిడిగా ఉతికాం. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది, పాత చీర అప్పటికే కుంచించుకుని ఉంటుంది. ముడతలు అందుకేనట. ఒక ఎర్ర ముక్క మాత్రం రంగు వదులుతూనే ఉంది. తీసేద్దామంటే బిహార్ నుంచి వచ్చిన పాప కళ్లలో నీళ్లు. అది వాళ్లమ్మ పెళ్లిచీర అంచు! నీళ్లు తేటగా వచ్చేదాకా ఆరుసార్లు ఉతికాం.

అద్దాల ముక్క కోసం తండా నుంచి ఒక పిల్లాడి నాయనమ్మే వచ్చింది. వెనక గట్టి నూలు గుడ్డ వేసి కుట్టింది. అద్దానికి చిల్లు పెట్టరు, చుట్టూ దారాలు అడ్డంగా నిలువుగా వేసి బిగిస్తారు. పిల్లలు అన్నం బెల్లు కొట్టినా కదల్లేదు. ఆమె చేతివేళ్లను అలాగే చూస్తుండిపోయారు.

కొత్తవాడ అబ్బాయి తెచ్చింది జంపఖానా ముక్క. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చిందని వాడికి నేనే చెప్పాను, ఎంత మురిసిపోయాడో. మందంగా ఉండి సూది దిగలేదు, అందుకే అంచుకు వేశాం. ఉర్దూ మీడియం నుంచి మారిన అమ్మాయి దుపట్టా మధ్యలో ఉంది.

గోడకు తగిలిద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు, కప్పుకోవాలట. ఎవరింటికి ఎప్పుడో తేల్చడానికి చీటీలు వేశాం. ఈ వారం బొంత ఆ బిహార్ పాప ఇంట్లో ఉంది.