మిర్చిలో సోలార్ దీపపు ఎరలు పెట్టాక మందు తగ్గించొచ్చా?

బెజవాడ బుల్లోడు:
మాకు మేడికొండూరు వైపు 4 ఎకరాలుంది. ఉద్యోగం వల్ల నేను పటమటలో ఉంటా, పొలం కౌలుకిచ్చాను. ఈ ఏడు మిర్చి తోటలో రెండు సోలార్ దీపాలు పెట్టించా, ఒక్కోటి 2,800 పడింది. పొద్దు గూకగానే దానంతటదే వెలుగుతుంది, కింద తొట్టిలో సబ్బు నీళ్లు. మొన్న ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆ నీళ్లు టీ జల్లెడతో వడగట్టి పాత పేపరు మీద పరిచా. లద్దెపురుగు తల్లి పురుగులే 43 లెక్క తేలాయి. ఇన్ని పడుతుంటే వారానికో మందు ఎందుకు? రెండు స్ప్రేలు ఆపమంటే మా కౌలు రైతు వినడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లరేగడి:
నల్ల తామరపురుగు పడిందా?

బెజవాడ బుల్లోడు:
అది చూడలేదండీ. మరీ చిన్నది కదా.

నల్లరేగడి:
చూడకపోవడం కాదు, దీపానికి అది పడదు. పువ్వులో దూరి కూర్చుంటుంది. 2021లో మా పెదనందిపాడు తోటలో ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపితే పది పదిహేను నల్లగా పాకేవి. పూతంతా రాలిపోయింది. ఎకరంన్నర దున్నేశా, పెట్టుబడంతా మట్టిలో కలిసింది. అప్పుడు ఏ దీపం కాపాడింది? దానికి నీలం రంగు జిగురు అట్టలు పెట్టాలి. మిర్చికి దీపం దండగ.

రేపల్లె వరి:
మిర్చి సంగతి నాకు తెలియదు గానీ వరికి దీపం మంచిదే. కాండం తొలుచు పురుగు, సుడిదోమ రెండూ వెలుతురుకి వస్తాయి. వీధిలైటు కింద సుడిదోమ ముసిరిందంటే తెల్లారి చేలో దిగి దుబ్బు మొదళ్లు చూసుకోవాల్సిందే. మా నాన్న పెట్రోమాక్స్ లైటు కింద పళ్లెంలో కిరసనాయిలు నీళ్లు పెట్టేవాడు. సోలార్ అనగానే కొత్తగా కనిపెట్టినట్టు చెప్తున్నారు.

గోంగూర పచ్చడి:
మాది మూడోరోజే బ్యాటరీతో సహా ఎత్తుకెళ్లారు. ముందు దొంగ పడే దీపం కనిపెట్టండి స్వామీ.

బాపట్ల బ్యాచ్:
నల్లరేగడి అన్నా, తామరపురుగు విషయంలో మీరన్నది కరెక్టే. కానీ మిర్చిని తినేది అదొక్కటే కాదుగా. లద్దెపురుగు, శనగపచ్చ పురుగు కాయలు తొలిచేస్తాయి, వాటి తల్లి పురుగులు రాత్రిపూట దీపానికి వస్తాయి.

బుల్లోడు గారూ, ఆ 43 చూసి సంబరపడకండి. తల్లి పురుగని పిలుస్తాం గానీ అందులో మగవీ ఉంటాయి. ఆడది గుడ్లు పెట్టేశాక వచ్చి పడితే లాభం లేదు, లద్దెపురుగు ఒక్కో గుడ్ల ముద్దలో వందల గుడ్లుంటాయి. పున్నమి రోజుల్లో తొట్టిలో తక్కువ పడతాయి, పురుగు తగ్గిందనుకుంటే మోసపోతాం. ఇంకోటి, పేపరు మీద అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు కనిపించాయా? అవి మనకు మేలు చేసేవి. రాత్రంతా వెలిగితే అవీ పోతాయి. చీకటి పడ్డాక మూడు నాలుగు గంటలు వెలిగి ఆగిపోయేది చాలు. మేలు చేసే చిన్న పురుగులు తప్పించుకుపోయేలా ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్లు ఒక దీపపు ఎర తయారు చేశారు కూడా.

నా లెక్కలో దీపం పురుగు వచ్చిందని చెప్పే గంట. అది మోగాక ఆకుల కింద గుడ్ల ముద్దలు వెతకాలి, గట్ల మీద ఎరగా వేసిన ఆముదం మొక్కలు చూడాలి.

నల్లరేగడి:
ఇంత రాశావు తమ్ముడూ, నల్ల తామరపురుగు పడుతుందా లేదా?

బాపట్ల బ్యాచ్:
పడదని మొదటి లైన్లోనే ఒప్పుకున్నా కదన్నా!

నల్లరేగడి:
మరి దండగేగా.

కౌలు బతుకు:
పొద్దుటి నుంచి చదువుతున్నా. బుల్లోడు గారూ, పురుగులు లెక్కపెట్టారు, బాగుంది. రెండు స్ప్రేలు ఆపాక కాయకు బొక్కలు పడితే కౌలు తగ్గిస్తారా?

బెజవాడ బుల్లోడు:
దానికీ దీనికీ ఏం సంబంధమండీ? దీపాలు నా డబ్బుతో కొన్నా. మందు తగ్గితే మిగిలేది అతనికే. మంచి చెప్తే తప్పా?

కౌలు బతుకు:
సంబంధం ఉంది. దీపానికి మీరు పెట్టింది 5,600. నేను ఎకరాకు 35 వేలు కౌలు ముందే కట్టి దిగా. నారు, కూలీలు, ఎరువులు అన్నీ అప్పే. మందు కొట్టులో ఉద్దర ఖాతా. మందు మానేశానంటే కొట్టాయన మొహం మాడుతుంది, రేపు ఎరువు కట్టలు ఇవ్వడు. నాకేం మందు మీద మోజా? స్ప్రే చేసిన రాత్రి చేతులు మండి అన్నం ముద్ద కలపలేను.

పోయినేడు మా భూమి ఆయన కూడా ఇలాగే యూట్యూబ్ చూసి కషాయాలు కొట్టమన్నాడు. కొట్టా. కాయ సగం తాలైంది. కౌలులో రూపాయి తగ్గించలేదు. కౌలు రైతుకు సర్కారు ఇచ్చే పంట సాగుదారు కార్డు మీద సంతకం పెట్టమంటే, భూమి పోతుందేమోనని వాళ్లబ్బాయి వద్దన్నాడట. పదకొండు నెలల కాగితానికి భూమి ఎలా పోతుంది? ఆ సంతకం లేక బ్యాంకు లోను రాలేదు, మళ్లీ ఆ కొట్టు దగ్గరికే వెళ్లా. ప్రయోగం మీది, నష్టం మాది.

బెజవాడ బుల్లోడు:
మీ భూమి ఆయన మీద కోపం నా మీద తీర్చుకుంటే ఎలా? నేనలాంటివాణ్ని కాదు.

కౌలు బతుకు:
కార్డు మీద సంతకం పెట్టారా?

గోంగూర పచ్చడి:
అబ్బో.

రేపల్లె వరి:
పెట్టారో లేదో చెప్పండి బాబూ, ఊరికే వేడెక్కుతోంది.

బెజవాడ బుల్లోడు:
లేదు. అడిగాడు, చూద్దామన్నా. కౌలు సంగతి కూడా అడిగాడు. "ఆపితే మీరు చూసుకుంటారా సార్" అని నవ్వుతూ అంటే, తమాషాకనుకున్నా.

బాపట్ల బ్యాచ్:
తమాషా కాదండీ. ఒక పని చేయండి. దీపం దగ్గర ఒక్క అరెకరం తీసుకోండి. గుడ్లు, లద్దెపురుగు పిల్లలు కనిపిస్తేనే అక్కడ పురుగుమందు. మిగతా తోట అతని ఇష్టం. ఆ అరెకరంలో దిగుబడి తగ్గితే తేడా మీరు భరించండి.

బెజవాడ బుల్లోడు:
అరెకరం వరకైతే సరే. మాటిస్తా.

కౌలు బతుకు:
మాట కాదండీ, కాగితం. అతనికి ఇవ్వండి, నాకు కాదు.

బెజవాడ బుల్లోడు:
ఆదివారం వెళ్తున్నా. కార్డు సంగతి ఇంట్లో మాట్లాడి చెప్తా.

నల్లరేగడి:
వెళ్తే తొట్టి ఒక్కటే చూసి రాకండి. నాలుగు మూలలా నాలుగు పువ్వులు తెంపి అరచేతిలో దులపండి. నల్లగా పాకితే ఇక్కడ రాయండి, ఏం చేయాలో ఫోన్లో చెప్తా.