పెట్ట మెడ కింద సంచి గట్టిపడింది: వైద్యమా, కూరా?

రాజాం_పిల్ల:
అమ్మ రాజాం దగ్గర పల్లెలో ఉంటుంది, నేను విజయనగరంలో. ఆరు నాటు పెట్టల్లో నల్లది మూడ్రోజులుగా మేత ముట్టడం లేదు. మెడ కింద మేత నిలిచే సంచి బత్తాయంత ఉంది. పొద్దున్నే గూడు తీసేసరికి కూడా అలాగే నిండుగా ఉంటోంది, నొక్కితే మట్టిముద్దలా వేలు దిగడం లేదు. రెట్ట కొంచెమే, పచ్చగా, నీళ్లగా. పక్కింటావిడ ఆముదం పొయ్యమంది, ఇంకొకరు బ్లేడుతో కొయ్యమన్నారు. మా మావయ్యయితే "రేపటికి చస్తాది, ఇవాళే కూర వండెయ్" అన్నాడు. ఏం చెయ్యమంటారు?

నాగావళి_గట్టు:
దీనికింత గాబరా ఏటి తల్లీ. చెంచాడు ఆముదం పొయ్యి, కాళ్లు పట్టి తలకిందులు చెయ్యి, సంచి కాణ్నుంచి నోటి ఏపు పిసుకు. గడ్డి ముద్ద బయటికొచ్చేస్తాది. మా మామ్మ సేసీది, నాను నలభై ఏళ్లుగా సేస్తన్నాను.

నరసన్నపేట_77:
కూరే. అయిదొందల కోడికి వెయ్యి రూపాయల వైద్యమా!

గరివిడి_కుర్రోడు:
అక్కా, తలకిందులు మాత్రం చెయ్యనివ్వొద్దు. నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. కోడి నోరు తెరిచి చూడండి, నాలుక వెనకాలే చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే గాలిగొట్టం. సంచిలో నీళ్లు అందులోకి దిగాయంటే ఊపిరాడక మీ చేతిలోనే పోతుంది.

రాత్రి గూట్లో పడుకున్న కోడికి తెల్లారేసరికి సంచి ఖాళీ అయిపోవాలి. అవలేదంటే అడ్డం పడినట్టే. మీరు చెప్పినట్టు గట్టిగా ఉంటే గడ్డో పీచో చుట్టుకుంది. అలాకాకుండా నీళ్లబుడగలా మెత్తగా ఉండి, నోరు పులిసిన కల్లు వాసన వస్తే లోపల ఈస్ట్ పెరిగింది, దానికి మందు వేరు. ముందు ఒక రోజు గింజ ఆపండి, నీళ్లు ఆపొద్దు. రెండు మూడు మిల్లీలీటర్ల కొబ్బరినూనె నోటి పక్కనుంచి చుక్కచుక్కగా వెయ్యండి. కోడిని నిటారుగా చంకలో పెట్టుకుని సంచిని అయిదేసి నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు, మెల్లగా పిసకండి. రెండ్రోజుల్లో కరగకపోతే డాక్టరు మత్తిచ్చి కోసి తీసి కుట్టేస్తారు. బ్లేడు మాత్రం వద్దు.

తిండి లేని కోడికి పైత్యరసం వల్ల రెట్ట పచ్చగానే వస్తుంది. కానీ మెడ తిరిగిపోవడం, రొప్పడం, మిగతా పెట్టలూ మూలకి ముడుచుకోవడం ఉంటే కొక్కెర తెగులేమో (రాణిఖేత్ అంటారే, అది) చూడాలి. దానికి మందు లేదు, టీకాయే. పిల్లలకి వారం రోజులప్పుడు లసోటా చుక్క, ఎనిమిది వారాలకి ఆర్‌2బి సూది.

సిరిమాను_చూద్దాం:
వెల్లుల్లి, పసుపు పెట్టండి. ఏ రోగమైనా పోద్ది.

రాజాం_పిల్ల:
మెడ బాగానే ఉందండి, మిగతా అయిదూ తిరుగుతున్నాయి. అమ్మ షాపువాడిచ్చిన తెల్లపొడి కూడా రెండ్రోజులు నీళ్లలో కలిపింది.

గరివిడి_కుర్రోడు:
ఏం పొడో తెలీకుండా ఆపెయ్యమనండి. యాంటీబయాటిక్ అయితే అడ్డం తియ్యదు సరికదా, ఈస్ట్‌కి దారిస్తుంది. ఏ మందో తేలేదాకా ఆ గుడ్లు తినొద్దు, అమ్మొద్దు. కూర అంటున్నవాళ్లకీ అదే మాట. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి అడగండి.

నాగావళి_గట్టు:
బాబూ, నా సేతిలో ఒక్క కోడీ చావలేదు. నువ్వు నాటుకోడిని ఒక్కసారైనా పట్టినావా?

గరివిడి_కుర్రోడు:
పట్టాను. మీ చేతిలో చావలేదంటే అదృష్టం మాస్టారూ, పద్ధతి కాదు.

నాగావళి_గట్టు:
అదృష్టమేటి! రెండేళ్ల కింద ఎనిమిది కోళ్లు గంపలో ఎట్టుకుని బస్సులో ఆసుపత్రికెల్నాను. "కోడికి కూడా చీటీయా?" అని నవ్వినారు. నాలుగు సచ్చినాయి. మీకు గేదె ఉన్నోడే రైతు. ఆడోళ్ల కోడి లెక్కలో నేదు. అందుకే తలకిందులు సేసుకుంతం.

నరసన్నపేట_77:
ఒక్కటీ చావలేదన్నారు కదా ఇందాక.

నాగావళి_గట్టు:
అవి తెగులుకి సచ్చినాయి, నా సేతిలో కాదు. మద్దిలో నువ్వెవుడు?

గరివిడి_కుర్రోడు:
నవ్వడం తప్పే. ఒక మాట ఒప్పుకుంటాను. పదివేల కోళ్ల షెడ్డులో ఒక్క కోడికి వైద్యం చెయ్యరు, చచ్చినదాన్ని కోసి చూసి మిగతా మందకి మందిస్తారు. మా కళ్లు ఆ లెక్కకే అలవాటు పడతాయి. అంతమాత్రాన కోడి ఊపిరితిత్తుల్లోకి నూనె పొయ్యమనను.

నరసన్నపేట_77:
ఇంత చర్చ జరిగేలోపు కూర ఉడికిపోయేది.

రాజాం_పిల్ల:
కూర, కూర అంటున్నవాళ్లకి ఒక్కసారే చెప్తాను. నా డిగ్రీ పరీక్ష ఫీజులు కట్టింది ఆ గుడ్ల డబ్బే. మా నాన్న పోయాక అమ్మ ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టుకునేవి అవొక్కటే. మావయ్యకి కోళ్లు మురికి. సంక్రాంతికి వాకిలీ, పెరడూ సిమెంటు చేయించేశాడు, అప్పట్నుంచీ వాటిని గూట్లోనే మూసి ఉంచమంటాడు. ఇవాళ ఈ నల్లది కోస్తే రేపు ఇంకోటి. ఆయనకి కావల్సింది కూర కాదు, గూడు ఖాళీ అవడం.

గరివిడి_కుర్రోడు:
అక్కా, సిమెంటు సంగతి మొదటే చెప్పాల్సింది! కోడికి పళ్లు లేవు, కందనకాయలో ఉన్న రాళ్లే నమలాలి. మట్టి తవ్వే దారి లేకపోతే రాళ్లెక్కడివి? గూట్లో కింద ఏం పరిచారు?

రాజాం_పిల్ల:
వరిగడ్డి. దాని మీద పాత గోనె.

గరివిడి_కుర్రోడు:
ఇంకేముంది. పొద్దస్తమానం మూసి ఉంచితే వేరే పనిలేక అదే పొడుచుకు తింటుంది. గోనె తీయించెయ్యండి, గడ్డి బదులు ఊక పొయ్యండి.

సిరిమాను_చూద్దాం:
వెల్లుల్లి పెట్టారా?

రాజాం_పిల్ల (మూడ్రోజుల తర్వాత):
నిన్న సాయంత్రానికి సంచి సగమైంది, ఇవాళ తెల్లారి చూస్తే జారిపోయిన బుడగలా ఒట్టి చర్మం. రెట్టలో గోనె పీచు చుట్టలు చుట్టి కనిపించిందట. నూకల జావ రెండు చెంచాలు తాగి గూట్లోంచి దూకింది. గుడ్డింకా పెట్టలేదు. ఏటి గట్టునుంచి చిప్పెడు సన్న గులకరాళ్లు తెచ్చి పెడితే ఆరూ ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నాయట. పెరట్లో తులసికోట పక్క సిమెంటు ఒక బారెడు పగలగొట్టించింది అమ్మ. మావయ్య మాట్లాడటం లేదు.

నాగావళి_గట్టు:
బావుంది తల్లీ, బతికింది. అది సరే గానీ తలకిందులు సేసిందా నేదా మీ అమ్మ?

గరివిడి_కుర్రోడు:
చెయ్యలేదు మాస్టారూ.

నాగావళి_గట్టు:
నిన్నడగనేదు. ఆ పిల్లని సెప్పనీ.