క్రీడాకారులకు ముట్టే సొమ్ము ఎక్కువా? ఐపీఎల్ వేలం ధరలపై చర్చ

చర్చ ప్రారంభం: ఉపాధ్యాయుడు, ఖమ్మం

2024 నవంబరులో సౌదీ అరేబియాలోని జెద్దాలో జరిగిన ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్ల రూపాయలకు, శ్రేయస్ అయ్యర్‌ను పంజాబ్ జట్టు 26.75 కోట్లకు దక్కించుకున్నాయి. రెండు నెలలు సాగే పోటీలకు ఒక్కొక్కరికి ఇంత సొమ్ము చెల్లించడం సమంజసమేనా అన్న ప్రశ్నను ఇక్కడి సభ్యుల ముందు ఉంచుతున్నాను. సమంజసం కాదన్నదే నా అభిప్రాయం.

ఏ పనికైనా ప్రతిఫలానికి, ఆ పని వల్ల సమాజానికి కలిగే మేలుకు మధ్య కొంతైనా పొంతన ఉండాలి. తెల్లవారకముందే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు జీవితమంతా కష్టపడినా చూడలేని సొమ్మును ఒక బ్యాటర్ ఒక్క మ్యాచ్‌తో సంపాదిస్తున్నాడు. పోనీ, ఆట ప్రకారమే లెక్క కడదామన్నా అది నిలవదు. 2025 సీజన్‌లో బెంగళూరుపై చివరి లీగ్ మ్యాచ్‌లో చేసిన 118 పరుగులను పక్కన పెడితే, పంత్ మిగిలిన సీజన్ మొత్తం మీద చేసినవి 151 పరుగులు. ఆయన ప్రతిభను నేను శంకించడం లేదు. ధరకు, పనికి సంబంధం తెగిపోయిందని మాత్రమే అంటున్నాను. పదో తరగతి పిల్లలు గణితం మానేసి వేలం ధరలు వల్లె వేస్తుంటే, వారి ముందు మనం ఎలాంటి కొలమానం పెట్టామో ఆలోచించాలి.

ప్రత్యుత్తరం: ఆడిటర్, విశాఖపట్నం

మాస్టారూ, మీ ఆవేదనను గౌరవిస్తూనే, ఈ లెక్కను సొమ్ము పుట్టే చోటు నుంచి చూడాలని మనవి చేస్తున్నాను. ఆ 27 కోట్లు పంత్‌కు ఇవ్వనంత మాత్రాన అవి పారిశుద్ధ్య కార్మికురాలి జీతంలో కలవవు. జట్టు యజమాని దగ్గరో, క్రికెట్ బోర్డు ఖాతాలోనో ఉండిపోతాయి. కాబట్టి ఆటగాడికి ఎక్కువ ఇస్తున్నారా అని అడిగే ముందు, ఆట సంపాదించిన దానిలో అతనికి ఎంత వాటా దక్కుతోందో చూడాలి.

2023 నుంచి 2027 వరకు ఐదు సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అంటే ఏడాదికి సగటున 9,678 కోట్లు. 2025 సీజన్‌కు ఒక్కో జట్టు వేలంలో ఖర్చు పెట్టగలిగే గరిష్ఠ మొత్తం 120 కోట్లు. పది జట్లకూ కలిపి 1,200 కోట్లు. అదే ఏడాది కొత్తగా వచ్చిన మ్యాచ్‌కు ఏడున్నర లక్షల ఫీజును, ఇతర చెల్లింపులను కూడా జోడించినప్పటికీ ఆటగాళ్లందరికీ కలిపి ముట్టేది ఒక్క ప్రసార హక్కుల ఆదాయంలోనే ఆరో వంతుకు చేరదు. టికెట్లు, స్పాన్సర్ల సొమ్ము ఇందులో లెక్కలోకే రాలేదు. అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ క్రీడాకారులు తమ సంఘం ద్వారా యాజమాన్యాలతో బేరమాడి, లీగ్ ఆదాయంలో దాదాపు సగం తమకు దక్కేలా ఒప్పందం చేసుకున్నారు. మన క్రికెటర్లకు అలా గట్టిగా బేరమాడే సంఘమే లేదు.

ధర ఎక్కువ పలికి ఆట తక్కువైన ఉదాహరణ ఒకటి మీరు చెప్పారు. దానికి ఎదురు ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. నితీశ్ కుమార్ రెడ్డి 2024 సీజన్ మొత్తం హైదరాబాద్ జట్టుకు 20 లక్షలకే ఆడాడు. 303 పరుగులు చేసి, ఆ ఏటి వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. కొడుకు ఆట కోసం తండ్రి హిందుస్థాన్ జింక్ ఉద్యోగాన్ని ఏనాడో వదులుకున్నారు. మరుసటి సీజన్‌కు ఆరు కోట్లతో జట్టు అతన్ని అట్టిపెట్టుకున్నప్పుడు కొందరు పెదవి విరిచారు గానీ, ముందు ఏడాది 20 లక్షలకు అతని చేత ఆడించుకున్న సంగతిని ఎవరూ ప్రస్తావించలేదు.

ప్రత్యుత్తరం: న్యాయవాది, హైదరాబాద్

ఆడిటర్ గారి వాదనలో నాకు ఒక లోపం కనిపిస్తోంది. సొమ్ము పుట్టే చోటు నుంచి చూడమన్నారు గనుక, అక్కడికే వెళ్దాం. ప్రసార సంస్థ వేల కోట్లు చెల్లించగలిగింది ప్రకటనల మీద నమ్మకంతోనే. ఆ ప్రకటనల్లో పెద్ద భాగం కొన్నేళ్లపాటు, నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ గేమింగ్ సంస్థలవి. డ్రీమ్11 సంస్థ 2020లో 222 కోట్లు చెల్లించి ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్ అయింది. 2023లో 358 కోట్ల ఒప్పందంతో భారత జట్టు జెర్సీ మీదికి వచ్చింది.

పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అవి జూదం కాదు, నైపుణ్యంతో కూడిన ఆటలేనని మరికొన్ని చోట్ల హైకోర్టులు అంగీకరించాయి. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేశాక డ్రీమ్11 జెర్సీ ఒప్పందం నుంచి తప్పుకుంది. చట్టం వచ్చేదాకా ఆ ప్రకటనల్లో నవ్వుతూ కనిపించింది మన అభిమాన క్రికెటర్లే. ఆన్‌లైన్ పందేల్లో జీతం పోగొట్టుకున్న కుటుంబాలు సలహా కోసం మా వద్దకు వస్తుంటాయి. ప్రజలు ఇష్టపడి ఇచ్చిన సొమ్మునే ఆటగాడు తీసుకుంటున్నాడని ఎవరైనా అంటే, ఆ మాట ఈ కుటుంబాల ముందు చెల్లదు. వేలం ధరపై నాకు పెద్దగా అభ్యంతరం లేదు. దానితో వచ్చే కీర్తిని ఏ సరుకుకైనా అరువిచ్చే హక్కుపై ఉంది.

ప్రత్యుత్తరం: కబడ్డీ శిక్షకురాలు, నల్లగొండ

పెద్దలందరూ క్రికెట్ గురించి, అందులోనూ పైవరుసలో ఉన్న పది ఇరవై మంది గురించి మాట్లాడుతున్నారు. మైదానంలో రోజూ పిల్లలతో ఉండే మనిషిగా నేను కింది నుంచి చూస్తాను.

ముందుగా కబడ్డీ. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు అందరికంటే ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.80 లక్షలు. 2023లో పవన్ సెహ్రావత్‌ను మన తెలుగు టైటన్స్ 2.60 కోట్లకు పైగా పెట్టి తీసుకుంది. మట్టి బరుల్లో ఊరి జాతరలకు ఆడే ఆటకు ఆ ధర రావడం నాకు అన్యాయంగా అనిపించలేదు, గర్వంగా అనిపించింది. అదే పవన్ అంతకుముందు సీజన్‌లో తమిళ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై మిగిలిన ఆటలన్నింటికీ దూరమయ్యాడు. ముప్పై ఐదేళ్లకే ముగిసిపోయే వృత్తిలో, ఒక్క పట్టుతో మోకాలు పోయే వృత్తిలో, వచ్చిన నాలుగేళ్ల సంపాదనను అరవై ఏళ్ల దాకా ఉద్యోగం చేసేవారి జీతంతో పోల్చడం సరికాదు.

క్రికెట్‌లోనూ అందరూ కోటీశ్వరులు కారు. రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీ పోటీల 2023 క్వార్టర్ ఫైనల్‌లో, ఇందౌర్ మైదానంలో మధ్యప్రదేశ్‌తో ఆడుతూ ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కుడిచేతివాటం బ్యాటర్ అయిన ఆయన కట్టుతో తిరిగి వచ్చి, ఎడమచేతివాటం ఆటగాడిలా నిలబడి, గాయపడని చేత్తోనే బంతిని ఎదుర్కొన్నారు. రంజీలో నలభైకి పైగా మ్యాచ్‌లు ఆడిన వారికి 2021లో బోర్డు ప్రకటించిన ఫీజు రోజుకు 60 వేలు. తక్కువేమీ కాదు, అయితే సీజన్‌లో ఆట దొరికే రోజులు కొన్నే, జట్టులో చోటు పోతే అదీ ఉండదు. ఆ ఏడాది ఐపీఎల్‌లో ఆయనకు ఏ జట్టులోనూ స్థానం లేదు.

ఇక క్రికెట్ వెలుపల చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. తల్లిదండ్రులు కూలి పనులు చేసుకునేవారు. పతకం వచ్చాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. సంతోషమే. కానీ పతకం రాని పిల్లల సంగతేమిటి? బూట్లు, పౌష్టికాహారం, పోటీలకు వెళ్లే రైలు ఖర్చులు గెలుపుకు ముందే కావాలి. బ్యాడ్మింటన్ అకాడమీ కోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టిన పుల్లెల గోపీచంద్ గారే 2025లో, ఆర్థిక స్తోమత లేని కుటుంబాలు పిల్లలను క్రీడల్లోకి పంపవద్దని హెచ్చరించారు. నా దగ్గరికి వచ్చే తల్లులకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు, కాదనడానికి ఆధారమూ దొరకదు.

అందువల్ల పంత్ ధర తగ్గించమని నేను అడగను. ఆడిటర్ గారు చెప్పిన 9,678 కోట్లలో, ఆటగాళ్ల వాటాను ముట్టుకోకుండా, నూటికి ఐదు రూపాయలు తీసినా ఏటా 480 కోట్లు దాటుతుంది. దాన్ని జిల్లా స్థాయి శిక్షణకు, గాయపడిన క్రీడాకారుల వైద్యానికి కేటాయించాలని కోరుతున్నాను.

ప్రత్యుత్తరం: ఉపాధ్యాయుడు, ఖమ్మం

అమ్మా, 27 కోట్లు ఎక్కువేనన్న మాటపై నేను ఇప్పటికీ నిలబడతాను. ఆదాయంలో వాటా తక్కువన్న వాదన ఆ ఆదాయమే సముచితమని రుజువు చేయదు. మీ నూటికి ఐదు రూపాయల ప్రతిపాదనను మాత్రం పూర్తిగా సమర్థిస్తున్నాను.

అయితే ఆ సొమ్ము సక్రమంగా చేరుతోందో లేదో తెలియాలంటే లెక్కలు బయటికి రావాలి. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాచార హక్కును ప్రభుత్వ సాయం పొందే క్రీడా సంఘాలకే పరిమితం చేయడంతో, సాయం తీసుకోని క్రికెట్ బోర్డు దాని పరిధిలోకి రాకుండా ఉండిపోయింది. ఆ నిబంధనను సవరించాలని మన పార్లమెంటు సభ్యులకు రాయవలసిన లేఖ ముసాయిదాను న్యాయవాది గారు సిద్ధం చేస్తే, మొదటి సంతకం నేను పెడతాను.